పచ్చ టిక్కుకు పది రోజులు ఆగండి

మిర్చి సాగు మీద ప్రశ్నోత్తరాల వెబ్‌సైట్లు నడుపుతున్న నిర్వాహకులకు, గుంటూరు చుట్టుపక్కల ఆ ప్రశ్నలకు జవాబులు రాసే కొందరం రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

ఉదయం ఏడింటికి ఒక ప్రశ్న వస్తుంది. ‘మిరప ఆకు ముడుచుకుపోతోంది, ఏం కొట్టాలి?’ దాంతోపాటు గట్టు మీద నిలబడి తీసిన ఫొటో ఒకటి. ఏడున్నరకల్లా నాలుగు జవాబులు పడతాయి. అడిగినాయన మొదటి జవాబు పక్కన టిక్కు నొక్కుతాడు. అది పచ్చగా మారుతుంది, ప్రశ్న ‘పరిష్కారమైనవి’ జాబితాలోకి పోతుంది. అప్పటికి స్ప్రేయరు ఇంకా పాకలోంచి బయటికి రాలేదు. మందు కొననే లేదు. మరి పరిష్కారమైంది ఏమిటి?

ఆ టిక్కు మీదే మా ఫిర్యాదు. మీ సైట్లలో దాని పేరు ‘ఉత్తమ సమాధానం’. వాడుకలో మాత్రం అది ‘థాంక్యూ సార్’ బటన్ అయిపోయింది. ముందుగా పలకరించినవారికో, పేరు చివర ఏదో హోదా ఉన్నవారికో మొహమాటం కొద్దీ పెట్టేస్తున్నారు. కృతజ్ఞత చెప్పడం తప్పేమీ కాదు, దానికి దండం బొమ్మ ఇంకోటి పెట్టండి. టిక్కు సంగతి వేరు. ఆ రాత్రి పెదనందిపాడులోనో మేడికొండూరులోనో ఇంకొకాయన ఫోన్లో ‘మిరప ముడత’ అని వెతికితే ముందు కనబడేది టిక్కు ఉన్న జవాబే. మిగతా మూడూ చదవడు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని పొద్దున్నే మందుల కొట్టుకు వెళతాడు. ఒప్పుకున్న జవాబుకు పేజీ లోపల ప్రత్యేకంగా గుర్తు పెట్టే పద్ధతి ఉంది కదా, సెర్చ్ ఇంజన్లు దాన్ని చదువుకుని జవాబును పేజీలోంచి విడదీసి చూపించగలవు. అలా చూపించినప్పుడు కింద వచ్చిన ‘ఇది తప్పండీ’ అన్న వ్యాఖ్య కనబడదు.

ముడతనే తీసుకుందాం, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ఆకు అంచులు పైకి లేచి పడవలా దొప్ప తిరిగితే పైముడత. తామర పురుగులు రసం పీల్చడం వల్ల వస్తుంది. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా కనిపించి, ఆకు కాడ మామూలుకన్నా పొడవు సాగి, ఆకు ముదురాకుపచ్చగా మారితే కింది ముడత. దానికి కారణం తెల్లనల్లి. మూడోది బొబ్బర, తెల్లదోమ మోసుకొచ్చే జెమిని వైరస్. ఆకులు చిన్నవై పైకే ముడుచుకుంటాయి, ఈనెలు ఉబ్బుతాయి, రంగు పాలిపోతుంది, మొక్క గిడసబారుతుంది. ఈ మూడింటినీ చేలో అందరం ‘ముడత’ అనే అంటాం. మందులు మాత్రం మూడు దార్లు. తామర పురుగు మందు కొడితే నల్లి లొంగదు. నల్లి ఉన్న చేలో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి, నల్లి ఇంకా విజృంభిస్తుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములో, దానికోసమే ఉన్న నల్లిమందో కావాలి. ఇక వైరస్‌కు మందు లేనే లేదు.

గట్టు మీది నుంచి తీసిన ఫొటోలో ఈ తేడా ఎవరికీ తెలియదు. ఎంత చదువుకున్నవారైనా ఊహించి చెప్పాల్సిందే. కాబట్టి టిక్కు సంగతికి ముందు ప్రశ్న సంగతి చూడండి. ముడత గురించి అడిగేవారికి నాలుగు ఫొటోలు తప్పనిసరి చెయ్యండి. మొక్క మొత్తం ఒకటి, చిగురు దగ్గరగా ఒకటి, ఆకు తిప్పి అడుగుభాగం ఒకటి, సాలు పొడవునా ఒకటి. సాలు ఫొటో ఎందుకంటే, నల్లి చాలాసార్లు ఒక మూల గుంపుగా మొదలై పాకుతుంది, వైరస్ మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటి కనబడతాయి. ఇంకో చిన్న పని కూడా చెయ్యమనండి. పువ్వునూ చిగురునూ తెల్లకాగితం మీద దులపాలి. తామర పురుగులైతే సన్నని నలుసుల్లా కాగితం మీద పాకడం కంటికి కనిపిస్తుంది. తెల్లనల్లి కంటికి ఆనదు, 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఆకు అడుగున పెట్టి చూడాలి. ఈ నాలుగు ఫొటోలూ కాగితం మీది లెక్కా లేని ప్రశ్నకు టిక్కు బటన్ తెరుచుకోకూడదు. జవాబులు రావచ్చు, చర్చ జరగవచ్చు, పచ్చరంగు మాత్రం రాకూడదు.

ఇప్పుడు రోజుల లెక్క. పది రోజులని ఊరికే అనలేదు. తామర పురుగు గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి, పైన కొట్టిన మందు వాటికి తగలదు. పిల్లపురుగులు ఎదిగి రాలాక, పెద్ద పురుగుగా మారే ముందుండే కోశస్థ దశ ఎక్కువగా మట్టిలోనే గడుపుతాయి, అక్కడికీ మందు చేరదు. మూడో రోజున కాగితం మీద దులిపితే పురుగు కనిపించదు, ‘సూపర్ సార్, క్లీన్’ అని రాసేస్తారు. వారం తిరిగేసరికి గుడ్లలోంచి పిల్లలూ మట్టిలోంచి పెద్దవీ వచ్చేస్తాయి. నల్లి ఇంకా తొందరగా పెరుగుతుంది, వెచ్చటి వాతావరణంలో వారంలోపే ఒక తరం పూర్తి చేసుకుంటుంది. పైగా ఒకసారి ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు. పాత ఆకును చూసి మందు పనిచేసిందో లేదో చెప్పలేం. మందు కొట్టిన తరవాత వచ్చిన కొత్త చిగురు చదునుగా ఉందా లేదా అన్నదే సాక్ష్యం. ఆ చిగురు చూపించడానికి మొక్కకు పది రోజులైనా పడుతుంది.

అందుకని పురుగు, తెగులు ప్రశ్నలకు టిక్కు బటన్‌ను మొదటి పది రోజులు మూసి ఉంచండి. పదో రోజున అడిగినవారికి ఒక సందేశం పంపండి, వీలైతే గొంతుతో, ఎందుకంటే చేలో ఉన్నవాళ్లు చదివేదానికన్నా వినేది ఎక్కువ. ‘మీరు కొట్టింది ఏది? ఎంత? కొత్త చిగురు ఎలా ఉంది?’ అని మూడే మూడు ప్రశ్నలు. మూడింటికీ జవాబు వచ్చాక టిక్కు. మోతాదు లెక్కల ప్రశ్నలకు, ‘16 లీటర్ల ట్యాంకుకు ఎంత పొయ్యాలి’ లాంటివాటికి ఈ ఆగడం అక్కర్లేదు. ఎవరైనా వేళ్ల మీద లెక్కేసి అప్పటికప్పుడే సరిచూడవచ్చు.

పదో రోజు ఫలితం చెప్పేటప్పుడు కూడా ఒక మోసం ఉంది, అది ఎవరి తప్పూ కాదు. మందు కొట్టిన నాలుగో రోజున గట్టి వాన పడితే తామర పురుగులు చాలావరకు కొట్టుకుపోతాయి. చిగురు బాగుపడుతుంది. పేరు మాత్రం మందుకొస్తుంది, ఆ మందు చెప్పినాయనకు టిక్కు వస్తుంది. అక్టోబరు వానల్లో పెట్టిన టిక్కును నమ్మి జనవరి ఎండలో ఇంకొకరు అదే మందు కొడతారు, పురుగు కదలదు. దీనికి విరుగుడు పాతదే, ఖర్చు లేనిదే. చేను చివర రెండు సాళ్లు కొట్టకుండా వదిలెయ్యాలి. కొట్టిన భాగంలో ఐదు చోట్ల ఒక్కో మొక్కకు ఎర్రదారం కట్టాలి, వదిలిన సాళ్లలో రెండు మొక్కలకు కట్టాలి. కొట్టే రోజు పొద్దున, మూడో రోజు, పదో రోజు అవే మొక్కల్లో రెండేసి చిగుర్లు, రెండేసి పూలు దులిపి లెక్క రాసుకోవాలి. వదిలిన సాళ్లలోనూ పురుగు తగ్గిపోయిందా, అయితే పని చేసింది వాన. ‘ఆ రెండు సాళ్ల నుంచి పురుగు మళ్లీ పాకుతుంది’ అని రైతు భయపడతాడు, ఆ భయంలో నిజం ఉంది. పదో రోజున లెక్క అయిపోగానే ఆ సాళ్లకూ కొట్టెయ్యవచ్చు. అందరూ చెయ్యరని మాకూ తెలుసు. చేసినవారి టిక్కు పక్కన ‘సాలు వదిలి చూశారు’ అని చిన్న గుర్తు పెట్టండి చాలు, చదివేవాళ్లకు ఆ టిక్కు బరువు వేరే అని తెలుస్తుంది.

ఇంకా చిక్కయింది బొబ్బర ప్రశ్న. నాటిన నెలలోపు వైరస్ కనబడితే సరైన జవాబు ఒకటే. తెగులు సోకిన మొక్కలు పీకి చేను బయట తగలబెట్టండి, తెల్లదోమను అదుపు చెయ్యండి, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి, వచ్చే ఏడు చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో అడ్డుపంటగా వెయ్యండి. ఈ జవాబుకు టిక్కు రాదు. రాదంటే రాదు. ఎకరానికి వేలు పోసి నారు కొని నాటిన మనిషికి ‘పీకెయ్యి’ అన్న మాట నచ్చదు. కింద ఎవరో ‘ఫలానా టానిక్కు, ఫలానా వైరస్ కిట్టు కలిపి రెండు సార్లు కొట్టండి, గ్యారంటీ’ అని రాస్తారు. టిక్కు దానికి పోతుంది. పదో రోజున చిగురు మామూలుగా రాదు, కానీ అప్పటికి అడిగినాయన సైటుకు తిరిగి రాడు. మా దృష్టిలో మొత్తం పద్ధతిలోనే పెద్ద లోపం ఇది. ఇష్టంలేని జవాబు సరైనదైనప్పుడు, నిర్ణయం ఒక్క అడిగినవారి చేతిలోనే ఉంటే తప్పు గెలుస్తుంది.

కాబట్టి గుర్తులు మూడు చెయ్యండి. అడిగినవారు పెట్టేది ‘పనిచేసింది’. ‘ఉత్తమ’ అనే మాట తీసెయ్యండి, అది మర్యాదను అడుగుతోంది, ఫలితాన్ని అడగడం లేదు. రెండోది విషయం తెలిసినవారు చూసి పెట్టే ‘సరిచూశాం’. లాం వ్యవసాయ పరిశోధనా స్థానం మనకు కూతవేటు దూరం, బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. ఆ చదువు చదివిన వారు ఈ జిల్లాల్లో ఊరికొకరున్నారు. వారిలో కొందరిని అడిగి, పేరు బయటపెట్టి, ఏ కారణంతో సరిచూశారో ఒక్క వాక్యం రాయమనండి. మూడోది మామూలు ఓట్లు. ఈ మూడూ ఒకే జవాబుకు పడితే మంచిదే. పడకపోతే పడలేదని కనబడాలి. ‘పనిచేసింది’ ఉన్నా ‘సరిచూశాం’ లేని వైరస్ కిట్టు జవాబును చూసినవారు కాస్త ఆగి ఆలోచిస్తారు. వీటన్నిటి పక్కనే ‘ఏదీ పనిచెయ్యలేదు’ అనే బటన్ కూడా ఉండాలి. ఇప్పుడది లేదు. అది లేకపోబట్టే కొందరు ఏదో ఒకటి నొక్కి బయటపడుతున్నారు, ఎక్కువమంది అసలు ఏదీ నొక్కడం లేదు.

ఇక జవాబు రాసేవాళ్ల సంగతి, అంటే మా సంగతి. టిక్కుకు అర్హత పొందాలంటే జవాబులో ఏముండాలో మీరే గడులు పెట్టండి, ఖాళీ వదిలితే పోస్టు కాకూడదు. ‘ఫిప్రోనిల్ కొట్టండి, 2 మి.లీ.’ అన్నది జవాబు కాదు. ఫిప్రోనిల్ 5 శాతం ఎస్‌సి ద్రవం ఉంది, 80 శాతం డబ్ల్యూజి గుళికల రూపం ఉంది. లీటరుకు 2 మి.లీ. అన్నది 5 శాతం ద్రవానికి. కొట్టులో 80 శాతంది ఇస్తే, అదే అంకె పట్టుకుని లీటరుకు 2 గ్రాములు వేస్తే, అసలు మందు 16 రెట్లు పడుతుంది. మందు పేరు ఒకటే, అంకె ఒకటే, శాతం మారింది, అంతే. కాబట్టి శాతం, రూపం రాయని జవాబుకు టిక్కు ఇవ్వకండి.

తరవాత నీళ్ల లెక్క. లీటరుకు 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్ల నీళ్లకు 400 మి.లీ. అవుతుంది. 16 లీటర్ల ట్యాంకైతే ట్యాంకుకు 32 మి.లీ., ఎకరాకు పన్నెండున్నర ట్యాంకులు. చేలో జరిగేది వేరు. ఎండకు ఓపిక లేకో కూలి దొరక్కో ఏడు ట్యాంకులతో ఎకరం ముగిస్తారు. జవాబులో ‘ఎకరాకు 400 మి.లీ.’ అని మాత్రమే ఉంటే ఆ 400నూ ఏడు ట్యాంకుల్లో పోస్తారు, ట్యాంకుకు 57 మి.లీ. పైన, అంటే లీటరుకు మూడున్నర మి.లీ. దాటింది. ఆకు మాడవచ్చు, పైగా నీళ్లు తక్కువై ఆకు అడుగు తడవదు. జవాబులో ‘లీటరుకు 2 మి.లీ.’ అని మాత్రమే ఉంటే ఏడు ట్యాంకులకు 224 మి.లీ. పడుతుంది, ఎకరాకు దాదాపు సగం మోతాదు. పురుగు చావదు, ‘ఈ మందు దండగ’ అని రాస్తారు. రెండు అంకెలూ, ట్యాంకుల సంఖ్యా మూడూ ఉండాలి. కొట్టిన ఎన్ని రోజులకు కాయ కొయ్యవచ్చో డబ్బా మీది లేబుల్ చూసి అదీ రాయాలి. ఎర్రపండు దశలో అడిగినవారికి ఇది రాయకపోతే ఎరువుల కొట్టులో ఎవరూ చెప్పరు.

రెండు మంచి జవాబులు కలిసి చెడ్డ పని చెయ్యడం కూడా ఉంది. ఒకరు నల్లికి గంధకం రాస్తారు, సరైనదే. ఇంకొకరు వేపనూనె రాస్తారు, అదీ తప్పు కాదు. అడిగినాయన ‘రెండూ మంచివే కదా’ అని ఒకే ట్యాంకులో కలిపి మధ్యాహ్నం ఎండలో కొడతాడు. గంధకం నూనెతో కలిస్తే ఆకు మాడుతుంది, తీవ్రమైన ఎండలో ఒంటరిగా కొట్టినా మాడే ప్రమాదం ఉంది. ఆపైన ఒక జవాబుకు టిక్కు పెట్టి, రెండోదాని కింద ‘మీ మందుకు చేను మాడింది’ అని తిట్టు రాస్తాడు. అందుకే ‘దేనితో కలపకూడదు’ అన్న గడి అవసరం. ఫలితం చెప్పేటప్పుడు ‘ఇంకేమైనా కలిపారా’ అని అడగడం అంతకన్నా అవసరం. కలిపితే టిక్కు చెల్లదు, అనుభవంగా మాత్రం ఉంచండి.

పాత టిక్కుల మాట మీరు అసలు ఎత్తడం లేదు. ఒకప్పుడు కింది ముడతకు డైకోఫాల్ అనే నల్లిమందు లీటరుకు 5 మి.లీ. అని అందరూ రాసేవారు, టిక్కులూ పడ్డాయి. డైకోఫాల్‌ను 2023లో కేంద్రం నిషేధించింది. అదే ఏడాది మెథోమిల్, మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్ (36 శాతం ద్రవం) కూడా ఆ జాబితాలో చేరాయి. ఫోరేట్, ట్రైజోఫాస్‌లైతే 2020 డిసెంబరు ఆఖరుకే ముగిశాయి. ఆ పేర్లున్న జవాబులు ఇప్పటికీ పచ్చటిక్కుతో పైనే కూర్చున్నాయి. ఇది మనిషి చెయ్యాల్సిన పని కూడా కాదు. నిషేధించిన మందుల పేర్లు ఒక పట్టికలో పెట్టి, తెలుగులో వాటిని రాసే రకరకాల పద్ధతులన్నీ చేర్చి, అవి ఉన్న ప్రతి జవాబు నుంచీ టిక్కు తీసేసి ఎర్రపట్టీ వేయించండి. ఒక్క రాత్రి పని. జవాబును తుడిచెయ్యవద్దు, ‘అప్పట్లో రాసింది, ఇప్పుడు నిషిద్ధం’ అని కనబడితేనే ఇంకొకరు మళ్లీ అదే రాయకుండా ఉంటారు.

నిషేధం లేకపోయినా జవాబు ముసలిదవుతుంది. ‘పూత రాలుతోంది’ అన్న ప్రశ్నకు ఇదివరకు ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు నాలుగున్నర లీటర్లకు 1 మి.లీ. అని రాస్తే సరిపోయేది. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చి మీద విరుచుకుపడింది. అది పూలలోనే గుంపులుగా చేరి పూతను రాల్చేస్తుంది. ఇప్పుడు అదే ప్రశ్నకు ముందు పువ్వు దులిపి చూడమని చెప్పాలి. పురుగు ఉన్న పూతకు హార్మోను కొడితే డబ్బూ పోతుంది, వారం రోజులూ పోతాయి. ప్రశ్న అక్షరం మారలేదు, చేను మారింది. అందుకని పురుగు, తెగుళ్ల జవాబుల టిక్కుకు రెండు పంటకాలాల గడువు పెట్టండి. గడువయ్యాక పచ్చరంగు వెలిసి బూడిదరంగుకు రావాలి. ఎవరైనా ఈ ఏడు మళ్లీ వాడి ‘పనిచేసింది’ అంటే మళ్లీ పచ్చబడాలి.

ఈ బాధలు మనకొక్కరికే రాలేదు. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రోగ్రామర్ల ప్రశ్నలకు పెట్టింది పేరు. అక్కడ టిక్కు పెట్టే హక్కు అడిగినవారిదే, పెట్టాక ఎప్పుడైనా ఇంకో జవాబుకు మార్చుకోవచ్చు. జవాబిచ్చినవారికి 15 పాయింట్లు, టిక్కు పెట్టినవారికి 2. తన ప్రశ్నకు తానే రాసుకున్న జవాబును ఒప్పుకోవాలంటే రెండు రోజులు ఆగాలి, దానికి పాయింట్లు రావు. చాలా ఏళ్లపాటు టిక్కు ఉన్న జవాబే పైన కనబడేది. కాలం చెల్లిన జవాబులు పైన తిష్ఠ వేస్తున్నాయని 2021లో ఆ పద్ధతి తీసేసి ఓట్ల ప్రకారం వరస పెట్టారు. అక్కడ తప్పు జవాబుతో పోయేది ఒక సాయంత్రం, మహా అయితే ఒక ఉద్యోగం. వాళ్లే టిక్కును పై మెట్టు నుంచి దించారంటే ఎకరాలతో ఆడుకునే మనం ఎప్పుడో దించాల్సింది. యాహూ ఆన్సర్స్ అని ఇంకోటుండేది, 2005లో మొదలై 2021 మే 4న మూతబడింది. అక్కడ ఉత్తమ సమాధానానికి 10 పాయింట్లు, ఎంచుకున్నవారికి 3. పాయింట్ల కోసం తోచింది రాసేవాళ్లు అక్కడ తక్కువేమీ కాదు.

పాయింట్లు వద్దనడం లేదు. అడిగినవారికి ఇచ్చే పాయింట్లు టిక్కు పెట్టినందుకు కాకుండా ఫలితం చెప్పినందుకు ఇవ్వండి. ‘పనిచేసింది’ అన్నా ‘పనిచెయ్యలేదు’ అన్నా సమానంగా. పనిచెయ్యలేదని పదో రోజున వచ్చి చెప్పినవారు నిజానికి ఎక్కువ మేలు చేసినట్టు, కానీ ఎక్కువ పాయింట్లిస్తే అదీ ఆట అయిపోతుంది.

మందుల కొట్టు నడిపేవారి జవాబుల గురించి మా మధ్యే రెండు అభిప్రాయాలున్నాయి. రోజుకు పది చేల ఆకులు బల్ల మీదికొచ్చే చోటు అది. ఏ ఊళ్లో ఏ పురుగు మొదలైందో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. వాళ్లను వెళ్లగొడితే సైటుకే నష్టం. అయితే బ్రాండు పేరు తప్ప మందు పేరు రాయని జవాబుకూ, కొట్టు ఉందని చెప్పుకోని ఖాతాకూ టిక్కు రాకూడదన్న దగ్గర అందరం ఒక్కటయ్యాం. పేరు పక్కన ‘విక్రేత’ అని ఒక్క మాట ఉంటే చదివేవాడు తన లెక్క తాను వేసుకుంటాడు.

టిక్కు పైన ఉండకపోతే వరస ఎలా పెట్టాలంటారా? మంచి ఓట్లను మొత్తం ఓట్లతో భాగిస్తే కుదరదు. మూడింట మూడు ఓట్లు పడ్డ జవాబు నూటికి నూరు శాతంతో, వందలో తొంభై పడ్డ జవాబును దాటేస్తుంది. ఆ మూడు ఓట్లూ ఒకే ఇంట్లో మూడు ఫోన్లవి కావచ్చు. దీనికి 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన సూత్రం ఉంది. తక్కువ ఓట్లున్నప్పుడు అనుమానాన్ని లెక్కలోకి తీసుకుని, కనీసం ఇంత మేర నమ్మవచ్చు అన్న అడుగుహద్దు చెబుతుంది. 95 శాతం నమ్మకంతో లెక్కేస్తే మూడింట మూడుకు వచ్చేది దాదాపు 44 శాతం, వందలో తొంభైకి దాదాపు 83. ఈ అడుగుహద్దు ప్రకారం వరస పెట్టండి. మీ సాంకేతిక సిబ్బందికి పది వరసల కోడ్.

ధరల ప్రశ్నలకు టిక్కు పూర్తిగా తీసెయ్యండి. ‘ఇవాళ యార్డులో తేజ రకం మిర్చి రేటెంత’ అన్నదానికి ఉత్తమ సమాధానం సాయంత్రానికి చద్దిది. పోయిన సంక్రాంతి నాటి ధర పచ్చటిక్కుతో కనబడి, దాన్ని నమ్మి టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీకెత్తినవాడు యార్డులో ఎవరితో మొరపెట్టుకోవాలి?

ఇంకొక్క మాట, వెతుకులాట గురించి. ‘ఆకు ముడుచుకుంది’ అన్న శీర్షికతో ప్రశ్నలు కుప్పలుగా ఉన్నాయి, రోమన్ అక్షరాల్లో రాసినవి వేరే. ఫలితం తేలాక శీర్షికను సరిచెయ్యండి: ‘కింది ముడత, తెల్లనల్లి, నల్లరేగడి, నవంబరు, గంధకంతో తగ్గింది’. అడిగినవారి మాట కిందే ఉంచండి, ఎందుకంటే రేపు వెతికేవారూ అదే మాటతో వెతుకుతారు. నేల, నెల, రకం ఈ మూడూ శీర్షికలో ఉంటే, లంకభూమిలో వేసినాయన రేగడి జవాబును గుడ్డిగా పట్టుకెళ్లడు. మొక్క నిలువునా వాడిపోతున్న ప్రశ్నల్లో ఇది మరీ ముఖ్యం. వాన నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక వాడిన మొక్కకు చెయ్యాల్సింది కాలవ తీసి నీరు వదలడం. ఎండుతెగులుకైతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు తడపడం. రెండూ పైనుంచి చూస్తే ఒక్కలాగే వాడిపోతాయి.

ఇందులో అన్నీ ఒకేసారి జరగవని తెలుసు. ముందు చెయ్యగలిగినవి మూడు. నిషేధిత మందుల మీది టిక్కులు తీసెయ్యడం, పది రోజులు బటన్ మూసి ఉంచడం, ‘ఏదీ పనిచెయ్యలేదు’ బటన్ పెట్టడం. ఆగస్టులో నాట్లు మొదలవుతాయి, సెప్టెంబరు రెండో వారానికల్లా మొదటి ముడత ఫొటోలు వచ్చేస్తాయి. అప్పటికి ఈ మూడూ అమల్లో ఉంటే, ‘సరిచూశాం’ గుర్తు కోసం వారానికి రెండు సాయంత్రాలు మాలో ప్రతి ఒక్కరం కూర్చుంటాం, జీతం అడగం. పాత టిక్కులను ఒక్కొక్కటీ తిరగేసే పని కూడా మాకే అప్పగించవచ్చు, జాబితా పంపండి.

ఇట్లు,
మిర్చి ప్రశ్నలకు జవాబులు రాసే కొందరం,
గుంటూరు